పొట్టి కాలు

“నాలుగింటికి టెంపో పంపిస్తాను చిన్నమేస్త్రీ! ఈలోగా దీని ఊగుడు మాన్పు. బల్లా, నువ్వూ ఇద్దరూ ఎక్కేయండి,” అన్నాడు పాతసామాన్ల షావుకారు, ఆకుపచ్చ రంగు పులిమిన బల్లను గుమ్మంలో దించుతూ.

చిన్నమేస్త్రి నవ్వలేదు. లేత్ ఆపి ఒంటిమీది చెక్కపొట్టు దులుపుకుంది. నలభై ఒకటో ఏడు వచ్చినా ఆ వీధికి ఆమె చిన్నమేస్త్రే. పెద్దమేస్త్రి, అంటే ఆమె తండ్రి, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని కొలబద్దతో వీపు గోక్కుంటున్నాడు.

“రేవు పక్క నా కొత్త షెడ్డులో ఆరు లేత్‌లు పెట్టించాను. నడిపించే మనిషి లేక బూజు పడుతున్నాయి. నీలాంటి పనిమంతురాలు ఈ గూట్లో ఎన్నాళ్ళుంటుంది చెప్పు? ఇవాళ తేల్చకపోతే ఇంకొకరికి మాటిచ్చేస్తాను మరి.”

ఆమె నడుముకు దోపుకున్న తాళంచెవి బిళ్ళను వేళ్ళతో రుద్దింది. ఏమీ తోచనప్పుడు ఆమెకదే అలవాటు. ఇరవై రెండేళ్ళ కిందట కొట్టు తాళం మొదటిసారి చేతికిచ్చిన రోజున, తుక్కులోంచి ఏరానంటూ నాన్న కట్టిచ్చిన గుండ్రటి చెక్కబిళ్ళ అది. మధ్యలో నెలవంకలా నల్లటి మచ్చ. ఇన్నేళ్ళ రాపిడికి నున్నగా తేలింది.

“నావైపు చూస్తావేం తల్లీ? నేనేమన్నా నీ కాళ్ళు కట్టేశానా?” అన్నాడు పెద్దమేస్త్రి. “కొలత సంగతే నా దిగులు.”

ఆ దిగులు ఈనాటిది కాదు. ఆ కొట్టులో పని రెండు వాటాలు. లేత్ మీద తిప్పి బల్లకాళ్ళకు గుండ్లు, గాజులు, నడుములు తీర్చడం కూతురి వంతు. పొడవు కొలిచి కోయడం తండ్రి వంతు. ఆమె ఉలి ఆనించిందంటే చెక్క చెప్పినట్టు వింటుంది. రంపం మాత్రం ఇరవై రెండేళ్ళుగా ముట్టలేదు.

పంతొమ్మిదో ఏట, ఎవరి సాయం లేకుండా ఒక బల్ల చేసి చూపిస్తే పనిలోకి తీసుకుంటామని ఒక పెద్ద కార్ఖానా వాళ్ళు అన్నారు. తనే కొలిచింది, తనే కోసింది, మూడు రోజులు తిండీతిప్పలు మానేసి చేసింది. పొద్దున్నే వచ్చిన మనిషి పైన చెయ్యి ఆనించగానే బల్ల కుంటిగుర్రంలా ఊగింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“రాత్రి సరిగ్గానే ఉంది నాన్నా, నాలుగుసార్లు చూశాను,” అని వెక్కివెక్కి ఏడిస్తే, “చెయ్యి కుదరొద్దూ, పిచ్చిపిల్లా,” అంటూ పెద్దమేస్త్రి కళ్ళు తుడిచాడు. కంటి ముందుంటే కుమిలిపోతుందని మధ్యాహ్నానికల్లా ఆ బల్లను అమ్మేశాడు కూడా. అంత ప్రేమగల తండ్రి దొరకడం కష్టమని వీధంతా మెచ్చుకుంది.

షావుకారు వెళ్ళాక ఆమె బల్లను నాపరాయి మీద నిలబెట్టింది. టకటకమని ఊగింది. పొట్టి కాలు ఏదో గుర్తుపట్టి, దాని మీది రంగు గీకింది. గీకేకొద్దీ మూడు గాజులు తేలాయి. మధ్యది సన్నం, పక్కవి రెండూ లావు. ఆ వరస ఆమె సొంతం, మరెవరూ తీర్చరు.

“నాన్నా... ఇది నా బల్ల.”

పెద్దమేస్త్రి దిగ్గున లేచాడు. “ఆ కాళ్ళు ఊడదీసి పొయ్యిలో పెట్టు. కొత్తవి నాలుగు కోసిస్తాను.”

“చెక్క బంగారంలా ఉంది నాన్నా. ఆ ఒక్క కాలూ...”

“పొయ్యిలో పెట్టమన్నానా! పాత పుండు కెలుక్కోవడం దేనికి?”

తన బాధ చూడలేకే నాన్న అంత కంగారు పడుతున్నాడనుకుని ఆమెకే జాలేసింది.

ఆ కొట్టుకు ఉన్నది ఒక్కటే కిటికీ. దాని ఎదురుగా పక్కింటి గోడ. పొద్దున తాళం తీయడం, సాయంత్రం తాళం వేయడం. రేవు పక్క షెడ్డులో పొడవులు కోసిపెట్టడానికి నాన్న ఉండడు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఊగుతూ తిరిగొచ్చిన ఈ బల్లే అందుకు సాక్ష్యం. ఇక బతుకంతా ఈ గోడను చూస్తూ గడపాల్సిందేనని తోచి ఆమెకు ఊపిరాడలేదు. అయినా షావుకారుకు ఫోన్ చేసింది.

“నేను రాలేనండీ. బల్ల కూడా రేపే అవుతుంది.”

“టెంపో బయల్దేరిపోయిందమ్మా! ఇద్దరిలో ఎవరో ఒకరు ఎక్కాల్సిందే!” అని ఆయన పెట్టేశాడు.

“మంచి పని చేశావు తల్లీ,” అన్నాడు పెద్దమేస్త్రి. “టీ పెట్టుకొస్తానుండు.” ఈల వేసుకుంటూ లోపలికి వెళ్ళాడు.

కాళ్ళు ఊడదీసే ముందు, ఆ రోజు తన చెయ్యి ఎంత తప్పిందో ఒక్కసారి చూసుకోవాలనిపించింది. పొట్టి కాలి కింద అట్టముక్క పెట్టింది. చాల్లేదు. మడిచి పెట్టింది. అయినా చాల్లేదు. ఇంకేదీ అందక, నడుము దగ్గరున్న తాళంచెవి తీసి, దాని బిళ్ళను దూర్చింది.

బల్ల ఊగడం ఆగినంత పనైంది. సన్నటి సందు మిగిలిందంతే. కోసేటప్పుడు రంపం నమిలేసే మందం.

చిన్నమేస్త్రి కాసేపు ఆ సందునే చూసింది. తరవాత బల్లను తిరగేసింది. కాలి అడుగున పేరుకున్న ఆకుపచ్చ రంగును ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టింది. లోపల గ్లాసుల చప్పుడవుతోంది. వీధిలో టెంపో హారన్ కొట్టింది. ఆమె ఇంకా గట్టిగా రుద్దింది.

రంగు కింద నల్లటి నెలవంక తేలింది.