అడుగున వినబడేది

"రొద ఇందులోనూ ఉంది," అన్నాడు వియోనో, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెడుతూ.

"నాలుగున్నర లక్షల రుపియాకి వచ్చే పెట్టె మాస్టారూ. ఆ మాత్రం రొద లేకుండా ఎలా ఉంటుంది?" దుకాణదారు గుణార్సో నవ్వాడు. "జేబేమో చవకది కావాలంటుంది. చెవులేమో ఒప్పుకోవు. ఆ రెండింటికీ ముందు రాజీ కుదర్చండి."

వియోనో ఒంటి మీది బడిపంతుళ్ల ఖాకీ బట్టలు చూసి, అడక్కుండానే మాస్టారూ అని పిలుస్తున్నాడు. సురబాయలో ఆ మధ్యాహ్నం వాన విడవకుండా కురుస్తోంది. లోపలికి వస్తూనే వియోనో తన గొడుగుని, కప్పు నుంచి కప్పీ మీదుగా దిగిన తాడు చివరి ఇత్తడి కొక్కేనికి తగిలించాడు. గుణార్సో చటుక్కున వచ్చి దాన్ని తీసి మూల పెట్టాడు.

"నీళ్లు సామాను మీద కారతాయి మాస్టారూ," అన్నాడు.

ఇప్పుడు అరలోంచి, ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య తగిలించే అరచేయంత నల్లటి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది వినండి. ఎనిమిదిన్నర లక్షలు. ఫోన్ నుంచి కరెంటు తీసుకోదు, సొంత బ్యాటరీ ఉంది. అందుకని రొద రాదు. ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు చెవిలో పోస్తుంది. ఇంతకంటే పైవి వినడానికి కాదు, బావమరిదికి చూపించుకోడానికి."

"నా దగ్గర తొమ్మిది ఉన్నాయి."

"ఇంకేం. మిగిలినదాంతో కాఫీ తాగుదురుగాని. ఇంతకీ ఏం పాట అది? అరగంట నుంచీ అదే వింటున్నారు."

వియోనో ఫోన్ తెరని చొక్కా అంచుతో తుడిచాడు.

"పాట కాదు తమ్ముడూ. మా అమ్మాయి నికెన్ నాతో మాట్లాడిన ఆఖరి ఫోను. ఆ తర్వాత ఇంటికి రాలేదు. బడిపిల్లల తల్లిదండ్రులు అన్న మాట అనలేదంటారని నా ఫోన్‌లో అన్నీ రికార్డు అయ్యేట్టు పెట్టుకున్నాను. ఇదీ అయింది."

గుణార్సో ముఖంలో నవ్వు పోయింది. "అయ్యో. తెలీక పరాచికాలాడాను."

"ముప్ఫై ఎనిమిది సెకన్లు. చివర అడుగున ఏదో ఉంది. అది స్పష్టంగా వినిపించేది కావాలి."

"ఇలా ఇవ్వండి, నేను విని చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా ఈ చెవుల మీదే బతుకుతున్నాను. పెట్టె తప్పో, రికార్డు తప్పో నాకు తెలుస్తుంది."

హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, బల్ల మీద మోచేతులు ఆనించాడు. వియోనో ఫోన్ తెర మీద కదిలే అంకెలు చూస్తూ నిలబడ్డాడు. ఏ సెకనులో ఏముందో అతనికి తెలుసు. ఏడు: కూరకి టెంపే అయిపోయింది నాన్నా, కొనుక్కొస్తాను. పన్నెండు: అన్నం వండెయ్యి, నేను వచ్చేస్తున్నాను. పందొమ్మిది: బ్రేకు కీచుమనడం. ఇరవై ఆరు: బండి తలుపు తెరుచుకోవడం.

గుణార్సో కళ్లు తెరిచాడు.

ముప్ఫై ఒకటి. గుణార్సో తల పైకెత్తాడు. వెంటనే దించుకున్నాడు.

ముప్ఫై ఆరు: తలుపు వేసిన చప్పుడు. ముప్ఫై ఎనిమిది.

హెడ్‌ఫోన్ తీయడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

"ఏమీ లేదు మాస్టారూ," అన్నాడు. "గాలి. అంతే."

"ఈ పెట్టె తీసుకోమంటావా?"

"వద్దు. ఏదీ కొనకండి. రికార్డే పాడైపోయింది, ఎన్ని లక్షలు పోసినా ఇంతే."

"ఉన్నది ఉన్నట్టు చెవిలో పోస్తుందన్నావు కదా."

"అన్నాను. ఉంటే కదా పొయ్యడానికి." ఫోను కోసం చేయి చాచాడు. "అసలిలాంటివి దగ్గర పెట్టుకోకూడదు. మనసు పాడవుతుంది. చెరిపెయ్యండి. పోనీ ఫోను నా దగ్గర వదిలి వెళ్లండి. శుభ్రం చేసి రేపిస్తాను. డబ్బులు కూడా వద్దు."

వియోనో తీగ లాగి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"బండి ఆగాక అందులోంచి గువ్వ కూసింది తమ్ముడూ. నాలుగు విరుపులు. ఆఖరిది సాగదీసి."

"గువ్వా? నాకు వినపడలేదు."

"మా పక్కింటాయన వాటిని కూత పందేలకు తీసుకెళ్తాడు. ఇంట్లో పంజరాన్ని కప్పీ తాడుతో పైకి లాగి కూయిస్తాడు. ఏ రెండు గువ్వల ఆఖరి విరుపూ ఒకలా ఉండదట. పెంచినవాడు ఎక్కడ విన్నా తన పిట్టని గుర్తుపడతాడట."

"ఊళ్లో సగం ఇళ్లల్లో గువ్వలున్నాయి మాస్టారూ. ఆదివారం వస్తే పందేనికి పోని బండి ఉంటుందా?"

"ఆదివారమని నేను చెప్పలేదు."

గుణార్సో బల్ల మీది హెడ్‌ఫోన్ తీగ చుట్టసాగాడు. బయట వాన చప్పుడు పెరిగింది.

"నువ్వు పెంచుతావా?" అడిగాడు వియోనో.

"లేదు. ఎప్పుడూ పెంచలేదు. దుకాణంతోనే సరిపోతుంది."

వియోనో మూలకి వెళ్లి గొడుగు తీసుకున్నాడు. తిరిగి వచ్చి, నల్లటి పెట్టెని మెల్లగా అతని వైపు జరిపాడు.

"ఇది నాకక్కర్లేదు తమ్ముడూ. ఆ కూత నాకు ఉత్త ఫోన్‌లోనే వినబడుతుంది. బండి తలుపు మీద హెడ్‌ఫోన్ బొమ్మ ఉందని, అది ఆగిన చోట కాఫీ అమ్మే ఆవిడ చెప్పింది, అందుకని ఈ ఊళ్లో ఇలాంటి దుకాణాలు పదకొండు తిరిగాను. అందరికీ ఇదే వినిపించాను. ముప్ఫై ఒకటో సెకను దగ్గర అందరూ నా ముఖంలోకి చూశారు. నువ్వొక్కడివే ఆ ఖాళీ కొక్కెం కేసి చూశావు."