చెంప వైపు కోత

"ఏం పని చేస్తావు తమ్ముడూ?"

నెల్లూరు కంటి ఆసుపత్రి వసారాలో, బల్లమీద పక్కనే కూర్చున్న వృద్ధుడు అడిగాడు. తలమీద నమాజు టోపీ, తెల్లని గడ్డం, దళసరి కళ్ళద్దాలు, ఒళ్ళో గుడ్డ సంచి.

"చుక్కాని పడతా. మాది జువ్వలదిన్నె," అన్నాడు మునెయ్య.

"ఏ కన్ను?"

"ఉండేదే ఒకటి. ఎడమది చిన్నప్పుడే పోయినాది. కుడిదానికి పొర కమ్మినాది. రేపు కోస్తారంట."

వృద్ధుడు దగ్గరికి జరిగాడు.

"సముద్రం మీద నీకు ఏది బాగా కనపడాల? నిలువుగా ఉండే తెరచాప కొయ్యా? ఆకాశం అంచున అడ్డంగా ఉండే నీళ్ళ గీతా?"

మునెయ్య భార్య పేరమ్మకు ఒళ్ళు మండింది.

"రెండూ కనపడాల సాయిబన్నా! కొయ్యను చూసుకుంటా కూర్చుంటే పడవ ఒడ్డుకొస్తాదా?"

మునెయ్య నవ్వలేదు. ఆ ప్రశ్న అతని గుండెలో గుచ్చుకొన్నది. వారి వీథిలోని చెంగయ్యకు నిరుడు వేరే ఊరిలో ఆపరేషను జరిగింది. ఇప్పుడతనికి కొయ్య కనపడుతుంది. లేచి వచ్చే అల మాత్రం అలికినట్లుంటుంది. నాటినుండి అతడు ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. తన గతీ అంతేనేమోనని మునెయ్య దిగులు.

వృద్ధుడు ఉన్నట్టుండి లేచి, డాక్టరు గది వైపు నడిచాడు.

"యేంది, యేంది! పొద్దున్నించీ మేం కూర్చోనుండాం. గడ్డం నెరిస్తే వరస లేదా?" అన్నది పేరమ్మ.

"ఒక్క మాట చెప్పి వస్తానమ్మా."

"మాకు లేవా మాటలు? మేమేమన్నా మూగోళ్ళమా?"

బల్లమీది వారు పకపక నవ్వారు. వృద్ధుడూ నవ్వి, లోపలికి పోయాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి, ఆయన కూర్చున్న చోట పేరమ్మ గంప ఉంది.

"మేలు జరుగుతాదిలే తమ్ముడూ," అని నిలుచునే చెప్పి, ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వెంటనే హెబ్రోను అనే ఆ డాక్టరు మునెయ్యను పిలిపించారు. యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, నల్లగుడ్డు వంపును చాలాసేపు కొలిచారు.

మరునాడు శస్త్రచికిత్స జరిగింది. తలకు ఇరువైపులా ఇసుక సంచులు, రెండు కళ్ళకూ కట్టు. ఆ చీకటిలో మునెయ్య గంగమ్మ తల్లిని తలచుకొంటూ కదలక మెదలక పడుకొన్నాడు.

కట్టు విప్పారు. కొన్ని వారాలకు కళ్ళద్దాలు ఇచ్చారు.

జువ్వలదిన్నె ఒడ్డున మునెయ్య తూర్పుకు తిరిగి నిలిచాడు. ప్రత్యక్షనారాయణుడు అప్పుడే జలగర్భం నుండి వెలువడుతున్నాడు. పడవల కొయ్యలు నిటారుగా ఉన్నాయి. వాటి వెనుక, నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత దారం లాగి పట్టినట్లు సన్నగా, తిన్నగా ఉంది.

"పేరా, కనపడతా ఉండాది!"

"నా మొగమో?"

"అది కళ్ళు మూసుకున్నా కనపడతాదిలే!"

మునెయ్య మళ్ళీ చుక్కాని పట్టాడు. తొలి వేటలో పడిన పెద్ద వంజరం చేపను గంపలో పెట్టుకొని, ఆలుమగలు డాక్టరు వద్దకు వెళ్ళారు.

"డాక్టరయ్యా, చెంగయ్యకు కనపడని గీత నాకెట్టా కనపడినాది?"

"అంతా కోత పెట్టే చోటులో ఉంది మునెయ్యా. మామూలుగా గుడ్డు పైభాగాన కోస్తాము. కోసిన దిక్కున నల్లగుడ్డు వంపు సడలుతుంది. నిలువు వంపు సడలితే అడ్డగీతలు అలికినట్లు కనపడతాయి. నీది ముందే నిలువున సడలి, అడ్డంగా బిగిసి ఉంది. పైన కోస్తే ఇంకా చెడిపోయేది. అందుకని చెంప వైపు, కణత పక్కన కోశాను. రెండు దిక్కులూ సమానమైనాయి."

"అందరికీ అట్టనే కొలుస్తారా సామీ?"

"అంత తీరిక ఎక్కడిది? 'ఇతడు చుక్కాని పట్టేవాడు, ఉన్నది ఒకటే కన్ను, కొలిచి కోయండి' అని ఆనాడు దరియావలి గారు లోపలికి వచ్చి చెప్పారు."

పేరమ్మ ముఖం వాడిపోయింది.

"ఆ సాయిబన్నా? వరస తప్పినాడని నానా మాటలూ అన్నానే! ఆయన మీ దగ్గర పనిచేస్తాడా అయ్యా?"

"లేదమ్మా. సూళ్లూరుపేటలో బట్టల వ్యాపారి."

"మళ్ళీ ఎప్పుడొస్తాడు? కాళ్ళు పట్టుకుంటా."

"ఆనాడు సెలవు తీసుకోవడానికే వచ్చారు. హజ్ యాత్రకు పోతున్నారు. ఈపాటికి బొంబాయిలో ఓడ ఎక్కి ఉంటారు."

"సముద్రం మీదనా!" మునెయ్య ముఖం విప్పారింది. "అయితే ఆయనా ఇప్పుడు ఆ గీతనే చూస్తా ఉంటాడు."

డాక్టరు తల అడ్డంగా ఊపారు.

"ఆయనకు ఆ గీత కనపడదు మునెయ్యా. నేను పైన కోసిన కన్ను ఆయనది. ఆ గీత ఎందుకు కనపడదో నన్ను నేర్చుకొమ్మని, తన కన్ను ఇక బాగుపడదని తెలిసీ, రెండేళ్ళపాటు నెలనెలా రైలెక్కి వచ్చి నా యంత్రం ముందు కూర్చున్న మనిషి ఆయన."