లోపలిదా, బయటిదా?

"లోపలిదా, బయటిదా? ఆ ఒక్క మాట సెప్పు అన్నియ్యా, నానెల్లిపోతాను," అంది అప్పలనర్సమ్మ.

సూర్యం బల్ల మీది రెండు కాగితాల వైపు చూడలేదు. విశాఖలో పడవలకి జీపీఎస్ అమ్మే దుకాణంవాళ్లు ఇచ్చిన బొమ్మల కాగితాలవి. ఒకదాంట్లో, ఉపగ్రహాల సంకేతాన్ని పట్టే రిసీవరు తెర ఉన్న పెట్టెలోనే ఇమిడి ఉంది. రెండోదాంట్లో అది విడిగా, చిన్న పుట్టగొడుగులా ఉంది. దాన్ని పడవ కప్పు మీద బిగించి, తీగతో లోపలి పెట్టెకి కలపాలి. చిన్నకొడుకు శివాజీకి కొత్త పడవ వచ్చిందనీ, దానికి ఏది పెట్టించాలో అన్నగారే తేల్చాలనీ, ఆవిడ భీమిలి పక్క పల్లె నుంచి ఒక్కతే బండెక్కి బిలాస్‌పూర్ వచ్చింది.

"దుకాణంవాణ్ని అడక్కపోయావా?" అన్నాడు సూర్యం.

"అడిగినాం. రెండూ మంచివే అన్నాడు."

"అచ్ఛా. మరింకేటి, ఏదో ఒకటి కొనుక్కోండి."

"నువ్వు సెప్పందే కొనను."

సూర్యం లేచి వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు.

ముప్ఫయ్యారేళ్లు రైలింజన్లు నడిపిన మనిషి. రిటైరై ఈ ఊళ్లోనే కుదుదండ్ పేటలో ఇల్లు కట్టుకున్నాక కూడా వీధిలో ఎవరింట్లో మిక్సీ ఆగినా, ఇన్వర్టరు మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేవారు. అలాంటివాడు రెండేళ్లుగా ఎవరికీ ఏదీ చెప్పడం మానేశాడు. ఏ కూర వండమంటారని భార్య సౌభాగ్య అడిగినా "నీ ఇష్టం" అంటాడు. చెల్లెలు ఫోన్ చేస్తే సౌభాగ్యే ఎత్తాలి.

రెండేళ్ల కిందట అప్పలనర్సమ్మ పెద్దకొడుకు అమ్మన్న ఇదే ప్రశ్న ఫోన్లో అడిగాడు. సూర్యం అప్పుడు సదర్ బజార్లో ఉన్నాడు. ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో ఫోను. లోపలిది చాలురా, బయటిదైతే ఉప్పుగాలికి తీగ అతుకులు తుప్పు పడతాయి అని నడుస్తూ నడుస్తూనే చెప్పేశాడు. పడవ కప్పు దేంతో చేశారని అడగలేదు. ఫైబరు కప్పయితే సంకేతం లోపలికి దిగుతుంది. అమ్మన్న ఎండకి తాళలేక దానిమీద ఇనప రేకు వేయించాడు. కార్తీకంలో ముసురు పట్టి తీరం కనబడకుండా పోయినప్పుడు ఆ పెట్టె దారి చూపలేదనీ, సంకేతం కోసం వెతుకుతూనే ఉండిపోయిందనీ బతికి బయటపడ్డ ఇద్దరు కళాసీలు చెప్పారు. పడవ రాళ్లకి కొట్టుకుంది. అమ్మన్న దక్కలేదు.

చలికాలం పొగమంచులో ముందున్న సిగ్నల్ ఎంత దూరమో చెప్పడానికి రైలింజన్లలోనూ జీపీఎస్ పెట్టె ఇస్తారు. ఇనప కప్పు కింద అది సరిగా పట్టదని సూర్యం ఎన్నోసార్లు దాని యాంటెన్నాని తన చేత్తోనే బయట అంటించాడు. అంత తెలిసీ అడగాల్సిన ఒక్క మాట అడగలేదు. చావుకి వెళ్లినప్పుడు చెల్లెలి ముఖం చూడలేక, ఆ ఇంట మంచినీళ్లయినా ముట్టకుండా తిరుగుబండి ఎక్కేశాడు.

అప్పలనర్సమ్మ వచ్చి ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. బల్ల మీది కాగితాలు ఇప్పుడు ఆవిడ ఒళ్లో ఉన్నాయి.

"ఆ రేకు ఏసింది ఆడు," అంది నెమ్మదిగా. "నువ్వడగనేదు, ఆడు సెప్పనేదు. నాను ఒక్కనాడైనా నిన్ను అన్నానా?"

"అనకపోవడమే కష్టంగా ఉంది నర్సమ్మా. ఈసారి కూడా తప్పు చెప్తే?"

"సెప్తే సెప్పు. నాకింకెవులున్నారు అడగడానికి?"

వీధిలో కూరగాయల బండివాడు కేక వేసుకుంటూ వెళ్లాడు. ఆ కేక దూరమయ్యాక సూర్యం గొంతు సవరించుకున్నాడు.

"కప్పు దేంతో చేశారు?"

"ఫైబరే. రేపు ఈడు కూడా రేకేస్తే నాకేటి తెలుస్తాది?"

"అందుకే బయటిది," అన్నాడు సూర్యం.

ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. కాగితం వెనక్కి తిప్పి పడవ బొమ్మ గీశాడు. రిసీవరు పైన ఏ అడ్డూ లేకుండా ఆకాశం కనబడాలన్నాడు. తీగ ఇంజను పక్కనుంచి రాకూడదన్నాడు. అతుకుల దగ్గర నీరు దిగకుండా ఏం చెయ్యాలో చెప్పబోతుంటే "రబ్బరు టేపు సుట్టాల, అంతేగదా," అని ఆవిడే అందించింది. సముద్రం మీద బతికే ఇంటి మనిషి, తెలియకుండా ఎలా ఉంటుంది అనుకున్నాడు. ఆవిడ బొమ్మకేసి పెద్దగా చూడలేదు. అన్నగారి ముఖమే చూస్తూ ప్రతి మాటకీ తలూపింది. ఒకటి రెండు సంగతులు మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

ఆ మధ్యాహ్నం సూర్యం తనంతట తానే చేపల పులుసు పెట్టమన్నాడు. సౌభాగ్య గబగబా లోపలికి వెళ్లిపోయింది. అన్నాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చుని తిన్నారు. అమ్మన్న చిన్నప్పుడు బిలాస్‌పూర్ వచ్చి లోకో షెడ్డు చూపించమని ఎంత గోల చేసేవాడో ఆవిడ చెప్తుంటే సూర్యం కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. అమ్మన్న పేరు ఆ ఇంట్లో రెండేళ్ల తరవాత వినబడింది.

మర్నాడు స్టేషన్‌కి వెళ్లి చెల్లెల్ని బండెక్కించాడు. బండి కదిలి, ఆఖరి బోగీ కూడా దాటిపోయాక ప్లాట్‌ఫారంలో బెంచీ మీద కూర్చుని శివాజీకి ఫోన్ చేశాడు. తానుగా చెయ్యడం ఈ రెండేళ్లలో అదే మొదలు. అమ్మ బయల్దేరిందని చెప్పి, రిసీవరు ఎక్కడ బిగించాలో, తీగ ఎటు తిప్పాలో, రేకు మాత్రం ఎందుకు వెయ్యకూడదో ఒక్కొక్కటే వివరించాడు. శివాజీ ఊఁ కొడుతూ అంతా విన్నాడు.

"అయితే అమ్మ నీకు సెప్పనేదేటి?" అన్నాడు చివరికి.

"ఏటి?"

"పడవ నీళ్లలోకి దిగి మూడు నెలలయింది మావయ్యా, బయటిదే బిగించినాం."