వెండి మీద ముసుగు

మా గ్రీకు దీవి టంకశాలలో అచ్చులు చెక్కే దామోన్‌ని రాజుగారు పంపారు, రాణి మెలిట్టా బొమ్మ వెండి ద్రాఖ్మా నాణెం మీద వేయడానికి.

"ఇన్నాళ్ళకి మీ ఆయన కంట్లో పడ్డావే" అన్నాను మెలిట్టాతో. ఆమెను పెంచిన దాదిని, ఆ మాత్రం అనొచ్చు.

"తలమీద ముసుగు వేసుకోవాలమ్మా" అన్నాడు దామోన్, తలెత్తకుండా.

మా నాణేల మీద ముసుగు ఉండేది చచ్చిపోయి దేవతలైన రాణులకే.

గుమ్మంలో కాపలా భటులు నిలబడి ఉన్నారు. మెలిట్టా గొంతు తగ్గించింది. "అచ్చు ఎప్పటికి కావాలన్నారు?"

"తొందర లేదట. అది తయారయ్యాకే మిగతా పని అన్నారు."

ఆమె ముసుగు కప్పుకుంది. "నా ముక్కు చెక్కడం చాలా కష్టమని రాజుగారికి చెప్పు, నాయనా."

మూడేళ్ళయింది. రోజూ కదలకుండా అతని ముందు కూర్చుంటోంది. ఆ ముక్కు ఇంకా కుదరలేదు.