వాసన లేని సబ్బు

“ఇది వద్దు చెల్లె, వాసనొస్తున్నది.”

అంద్రెయ చందనం సబ్బును ముక్కు దగ్గర్నుంచి తీసి కౌంటరు మీద పెట్టాడు. అప్పటికి అది అయిదోది. గోదావరిఖని చౌరస్తాలో పద్దెనిమిదేళ్లుగా ఫ్యాన్సీ దుకాణం నడుపుతున్న అనసూర్యకు, మంచి వాసన వస్తోందని సబ్బు వద్దన్న మనిషి తగలడం ఇదే మొదలు.

“వాసన రాకుంటే సబ్బెట్లయితదన్నా?”

“మంట పుడుతున్నదంటది. నిన్నటిదాన్క పిల్లల సబ్బు వాడినం. దానికి సుత గోక్కుంటున్నది.”

అనసూర్య లెక్కలో మగవాళ్లు రెండు రకాలు. ఇంట్లో రాసిచ్చిన చీటీ చూపించి ఇచ్చింది పట్టుకుపోయేవాళ్లు, ధర అడిగి చవకది పట్టుకుపోయేవాళ్లు. కళ్లజోడు పైకి జరిపి, డబ్బా తిప్పి, వెనక సన్నక్షరాలు చదివే ఈ రిటైరైన గని కార్మికుడు ఏ రకంలోకీ రాలేదు.

“చర్మం ఎట్లుంటదో చెప్పు, నేనే తీసిస్త.”

“ఉల్లిపొర లెక్క. పిక్కల మీద గీతలు గీతలు పగిలింది. యాడాది సంది మంచంలనే, పక్షవాతం. షుగరు సుత ఉన్నది. ఆ పగుళ్లు పుండ్లయితే ఇగ మానయి, కాలుకే ముప్పని దవాఖానల చెప్పిండ్రు. సబ్బు సూసి కొనుమన్నరు.”

అనసూర్య చేతిలో అప్పటికే కొత్తగా వచ్చిన గులాబీ రంగు సబ్బు ఉంది. దాని మీద మిగులు బాగుంటుంది. కాలు మాట వినగానే దాన్ని వెనక్కి పెట్టేసింది. స్టూలెక్కి, పై అరలోంచి దుమ్ము పట్టిన తెల్ల సీసా దించి పైటతో తుడిచింది.

“ఇది క్లెన్సర్. సెంటు లేదు, రంగు లేదు, నురగ రాదు.”

“నురగ రాకుంటే మురికెట్ల పోతది?”

“ముప్పై ఏండ్లు ఒంటి మీది బొగ్గు కడుక్కున్నోనివి, నీకు నురగ లేంది నమ్మకం కుదరది. వదినె ఏమన్న గనిల దిగొస్తున్నదా?”

అంద్రెయ నవ్వాడు.

“నురగ ఎక్కువున్న సబ్బు చర్మంల ఉన్న జిడ్డంత గుంజుకపోతది. ఎండిన చర్మానికి ఆ జిడ్డే కావాలె. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బట్ట. రుద్దొద్దు, అద్దాలె. తడి ఆరకముందే క్రీము రాయాలె. ముందుగాల మోచేతి మడతల జరంత రాసి ఒక దినం సూడు. ఎర్రగైతే వాపస్ తెచ్చియ్యి.”

“మూత తీసినంక వాపస్ తీసుకుంటవా?”

“నష్టం నాది తియ్. నీకేం ఫికర్?”

అంద్రెయ సీసాను రెండు చేతులా పట్టుకున్నాడు.

“ఆమె లేకుంటే నా ఇల్లే లేదు చెల్లె. నా కొడుకు సదువు, నా పింఛను, నేను గిట్ల నిలవడి నీతోని మాట్లాడుడు, అన్ని ఆమె పెట్టిన భిక్షే.”

“వదినె అదృష్టవంతురాలు.”

“అదృష్టం నాదే” అని అంద్రెయ షేర్ ఆటో ఎక్కాడు.

రెండు వారాలకు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో జామకాయల సంచి.

“ఆమె పంపింది. పగుళ్లు కలిసినయి. గోకుడు బందై, మంచిగ నిద్రపోతున్న అని నీకు చెప్పుమన్నది.”

సబ్బు పని చేయలేదని చెప్పడానికి ఆ మెట్లెక్కినవాళ్లు ఎందరో. పని చేసిందని చెప్పడానికి ఎక్కినవాడు ఈయనొక్కడే. అనసూర్య ఆ రోజు అమ్మకం ఎంతైందో చూసుకోలేదు. జామకాయ కొరికి, పై అర మీది ఆ రకం సీసాలను కింది అరలోకి, చేతికందే చోటికి మార్చింది.

మరుసటి నెలలో అంద్రెయ రాలేదు. నడివయసు దాటిన ఒక గట్టి మనిషి ఖాళీ సీసా తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

“గిసొంటిది ఇంకోటియ్యి చెల్లె.”

ఆ సీసా కొనేది ఒక్క ఇల్లే. “అంద్రెయన్న రాలేదా అక్కా?”

“మోకాలు పట్టింది. మెట్లెక్కనన్నడు.”

“వదినెకెట్లున్నది ఇప్పుడు?”

“ఏ వదినె?”

“గదే, మంచంల ఉన్నామె. అంద్రెయన్న భార్య.”

“అంద్రెయ భార్యను నేనే. సుసన్నా నా పేరు.”

అనసూర్య నాలుక కరుచుకుంది. ఇన్నేళ్లలో చెడ్డ సరుకు ఒక్కటి అమ్మలేదు. ఇప్పుడు ఒక్క మాటతో ఒకరి సంసారంలో నిప్పు పెట్టినట్టయింది.

“అయ్యో, నేను వేరే అంద్రెయ అనుకున్ననక్కా.”

“ఖనిల ఎంతమంది అంద్రెయలు గీ సీసా కొంటున్నరే?” సుసన్నా పెద్దగా నవ్వింది. “భయపడకు. మంచంల ఉన్నది మల్లక్క. మా ఇంట్లనే ఉంటది. ఆయన నీళ్లు కాగబెడ్తడు, నేను ఒళ్లు తుడుస్త.”

“మీ ఆడబిడ్డనా?”

“కాదు.”

“చుట్టమా మరి?”

“మేం ఏసయ్యను మొక్కుతం, ఆమె మల్లన్నను మొక్కుతది. యాడి చుట్టం?”

“మరి ఏమైతదక్కా మీకు?”

సుసన్నా కొత్త సీసాను సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది. నవ్వు ఆగింది గాని, ముఖంలో వెలుగు అలాగే ఉంది.

“నా కాన్పు నాడు, మా ఆయనకు బదులు షిఫ్టుకు దిగి పైకి రానిది ఆమె పెనిమిటే.”