ఆమె నోరు తెరిచేలోపు

"ఈవిడ ఇటు వచ్చిందా?" అని ఆ మనిషి ఫొటో చాపగానే, టాక్సీ డ్రైవర్ అవెలీనో అతని వెనక నిలబడి డోరిండాకి 'చెప్పొద్దు' అని సైగ చేశాడు.

డోరిండా ముప్పై ఏళ్ళుగా మెలీదె ఊళ్ళో బార్ నడుపుతోంది. ఆమెకు ఆ మాత్రం సైగ చాలు. ఉడుకుతున్న ఆక్టోపస్ గిన్నె మీద మూత పెట్టి, "లేదయ్యా. ఇంకా వెనకే ఉండాలి. పాలాస్‌లో అడుగు," అంది.

అతను కారు వైపు పరుగెత్తాడు. డోరిండా అవెలీనో చొక్కా పట్టుకుంది.

"ఎవడ్రా వీడు? ఆ తల్లి నిన్న పొద్దునే ఇక్కడ యాత్ర పుస్తకంలో ముద్ర వేయించుకుని వెళ్ళింది. పోయినవాళ్ళ పేరున శాంటియాగో గుడికి నడుస్తోందట. అక్కడిచ్చే యాత్ర పత్రం కూడా ఆ పేరునే రాయిస్తుందట. పోయిందెవరమ్మా అంటే ఏడుపే తప్ప మాట లేదు."

"నాకేం తెలుసక్కా? లూగోలో ఎక్కాడు. ఎందుకు వెతుకుతున్నావంటే, చెబితే నమ్మవంటాడు. మణికట్టుకి ఆ ప్లాస్టిక్ పట్టీ చూశావా? జైలు నుంచో, పిచ్చాసుపత్రి నుంచో వచ్చుంటాడు."

"నీ మొహం మండ! అలాంటివాణ్ణి ఎక్కించుకుని ఊరూరా తిప్పుతున్నావా?"

"దింపేస్తే ఇంకో టాక్సీ ఎక్కుతాడు. నా బండిలో ఉంటే నా కళ్ళ ముందుంటాడు."

పాలాస్‌కి వెనక్కి వెళ్ళారు. అక్కడ ఆమె లేదు. మళ్ళీ ముందుకు తిరిగేసరికి గంటన్నర గడిచింది. అవెలీనో లోలోపల సంబరపడ్డాడు.

అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. మాసిన గడ్డం. పగిలిన పెదవులు. ఒంటి మీద బట్టలు ఎవరివో, భుజాల దగ్గర జారిపోతున్నాయి. రోడ్డు పక్కన కర్ర పట్టుకుని ఏ ఆడమనిషి కనిపించినా ముందుకు వంగి కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"ఫోన్ చేసుకోవచ్చుగా?" అన్నాడు అవెలీనో.

"ఫోను ఇంట్లో పెట్టి వచ్చింది. మొక్కట. యాత్ర పత్రం రాసే కౌంటర్ దగ్గర నోరు తెరిచేలోపు దాన్ని పట్టుకోవాలి. ఆ పేరు కాగితం మీద పడిందంటే ఇక నా పని అయిపోయినట్టే," అన్నాడు.

అవెలీనోకి అంతా అర్థమైపోయింది. ఆమె ఎవరికోసం ఏడుస్తోందో ఆ మనిషిని పొట్టన పెట్టుకున్నది వీడే. పేరు బయటపడితే వీడి బండారం బయటపడుతుంది.

అర్సూవాలో చీజ్ అమ్మే ముసలాయనకి కన్నుగీటాడు. "అలాంటి మనిషిని చూళ్ళేదు," అన్నాడాయన. తర్వాతి ఊళ్ళో చర్చి ముందు ఊడుస్తున్నావిడకీ సైగ చేశాడు. ఆవిడా అదే మాట. ఆ దారి వెంట జనం యాత్రికుల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు.

పెద్రోసోలో మాత్రం కొంప మునిగింది. బెంచీ మీద కాలి బొబ్బలకి మందు రాసుకుంటున్న జర్మనీ యాత్రికుడొకడు ఫొటో చూసి నవ్వాడు. "తెలుసు! నిన్న రాత్రి ఇక్కడి సత్రంలో నా పక్క మంచమే. తెల్లవారకముందే బయల్దేరింది. ఈపాటికి చేరిపోయుంటుంది."

"శాంటియాగోలో యాత్రికుల ఆఫీసుకి పోనియ్!" అని అరిచాడు ఆ మనిషి.

అవెలీనో పెట్రోలు లేదన్నాడు. దారి తప్పినట్టు నటించాడు. "నీకు పెళ్ళాం బిడ్డలు లేరా?" అని అతను సీటు మీద గుద్దేసరికి బండి సరైన దారికి మళ్ళించాడు.

ఆఫీసు ముందు కారు ఆగీ ఆగకముందే అతను దూకి పరుగెత్తాడు. అవెలీనో కారు రోడ్డు మీదే వదిలేసి వెనకే ఉరికాడు. వరుసలో నిలబడ్డ యాత్రికులందర్నీ తోసుకుంటూ పోతున్నాడు ఆ మనిషి. కౌంటర్ ముందు నల్ల శాలువాలో ఆమె వీపు కనిపించింది. అవెలీనో శక్తికొద్దీ ఎగిరి అతని కాలరు పట్టుకున్నాడు.

"చనిపోయినవారి పేరు చెప్పండమ్మా," అంటోంది లోపలి అమ్మాయి, కలం తెరిచి.

"మా ఆయన. అనీబల్ రియోబో," అంది ఆమె. "పడవ మునిగి మూడు వారాలైంది. శవం కూడా దొరకలేదు."

అవెలీనో పిడికిట్లో ఉన్న మనిషి మణికట్టుకున్న ఆసుపత్రి పట్టీ లాగి కౌంటర్ మీద పెట్టి, "రాయకమ్మా," అన్నాడు బొంగురు గొంతుతో, "ఆ అనీబల్‌ని నేనే."