ఎదురు మంట

బీనా ఒక్క ఉరుకున పోయి ఆ మనిషి చేతిలోని అగ్గిపెట్టె లాగేసుకుంది.

"పట్టపగలే నిప్పు పెడతాండావే, నీకు భయమనేది లేదా?"

అతను ఉలిక్కిపడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. ఎగగట్టిన పంచె, మొహమంతా మసి. వెనక చేలో ఎండుగడ్డి బారెడు వెడల్పున కాలి, గట్టు వెంబడి సగం దాకా నల్లటి చార పడింది.

"గుట్ట మీద అంటుకొన్న మంట నాది కాదమ్మా. అది దిగొచ్చేలోపల ఈడ గడ్డి లేకుండా కాల్సేయల్ల. ఎదురు మంట ఇది."

హార్స్లీ హిల్స్ వాలులో పొగ మబ్బులా కమ్ముకుంటోంది. ఆ గుట్టకీ, బీనా కాపలా కాసే మూడొందల ఎకరాల అడవికీ మధ్య ఉన్నది ఈ చేనొక్కటే. ఆ అడవి ఒకప్పుడు మొద్దులు తప్ప ఏమీ మిగలని నేల. కంచె వేసి ఎనిమిదేళ్లు కాపాడితే మళ్లీ అడవైంది. లోపల దుప్పులున్నాయి.

బీనా మదనపల్లె మిషన్ కాంపౌండులో పెరిగిన పిల్ల. ఆ అడవిని కాపాడే సంస్థలో ఫీల్డ్ ఆఫీసరుగా చేరి నలభై రోజులు. ధైర్యానికి లోటు లేదు గానీ, తొందరే కాస్త ఎక్కువ. తొలకరికి పచ్చిక మొలుస్తుందని గొర్రెలోళ్లు ఏటా గుట్టకు నిప్పు పెడతారని చేరిన రోజే చెప్పారు. ఇంకేం, దొంగ దొరికాడనే అనుకుంది.

"ఇది ఎవరి సేనో తెలుసునా నీకు? ఆ రైతు నోట్లో మన్ను కొడితే నీకేమొస్తాది?"

"రైతు సంగతి నాకిడిసిపెట్టమ్మా. ముందు అగ్గిపెట్టె ఇయ్యి. గాలి తిరగతాండాది."

ఎంత పొగరు! బీనాకు ఒళ్లు మండిపోయింది.

"మేడమ్, వీళ్ల మాటలు నమ్మొద్దు," అన్నాడు జీపు డ్రైవరు జయచంద్ర. పోయిన నెలే కుప్పం నుంచి వచ్చాడు. "ఇట్లాంటోళ్లను శానామందిని సూసినా."

ఇద్దరూ కలిసి అతన్ని జీపులోకి తోసి తాళం వేశారు. పచ్చికొమ్మలు విరుచుకొచ్చి, అతను పెట్టిన మంటను కొట్టి కొట్టి ఆర్పారు.

"ఆర్పద్దమ్మా! నీకు దండం పెడతా!" లోపలి నుంచి అద్దం మీద బాదుతున్నాడతను.

అంతలోనే గుట్ట మంట దిగనే దిగింది. చిటపటమని గడ్డిని మేసుకుంటూ, మనిషెత్తు లేచి చేలో పడింది.

నల్లటి చార దగ్గరికొచ్చి, తినడానికేమీ లేక నిలిచిపోయింది.



మంట పక్కకు తిరిగింది. చార పడని సగం చేను మీదుగా నేరుగా కంచె దిక్కు పరుగెత్తింది.

అయ్యో దేవుడా, ఎంత పని చేశాను! బీనా ఉరికిపోయి జీపు తలుపు తీసి, అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టింది.

"ఏం చేయమంటావో చెప్పప్పా!"

"కంచె కాడ నిలబడు. ఇవతలికొచ్చే రవ్వల్ని కొట్టు. డ్రైవరప్పా, నువ్వు ఆ మూల సూసుకో!"

ఇక చార గీసేందుకు వ్యవధి లేదు. అతను కంచె వెంబడి పరుగెత్తుతూ మిగిలిన చేనంతా అంటించాడు. ఆ మంట, గుట్ట మంట ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. చేను మధ్యలో ఉన్న చెనిక్కాయ కట్టె వామి, పశువులకని దాచిన వేరుశనగ మేత, భగ్గుమంది.

తర్వాత ఒక్కసారిగా అంతా చల్లబడింది.

కంచెకు ఇవతల ఒక్క చెట్టు కాలలేదు. బీనా కూలబడి ఏడ్చేసింది.

అతను మాత్రం బూడిదైపోతున్న వామినే చూస్తూ కాసేపు నిలబడ్డాడు. నీళ్లు తాగాడు.

"నీ పేరేమప్పా?"

"అడివి నిలిసింది కదమ్మా. సాలు."

బీనా ఆఫీసుకు ఫోన్ చేసి తిరిగి చూసేసరికి మనిషి లేడు.

"సేనాయన వస్తే గొడవని జారుకున్న్యాడు," అన్నాడు జయచంద్ర. "చారొక్కటి కాల్సింటే సరిపోయేదానికి మనవల్ల సేనూ వామీ రెండూ పాయె. ఆ రైతుకు మనమే జవాబు చెప్పుకోవల్ల."

నిజమే అనిపించింది బీనాకు. మర్నాడు పొద్దున్నే ఇల్లు వాకబు చేసుకుని పోయింది. వాకిట్లో రైతు భార్య బయ్యమ్మ ఒక్కతే, పశువుల్ని కట్టేసే గాటిపాట ఖాళీగా ఉంటే ఊడుస్తోంది.

"ఆయన లేడామ్మా?"

"రెండావుల్నీ పుంగనూరు సంతకు తోలకపోయినాడు. మేపంతా కాలిపాయె, ఏం పెట్టి సాకల్ల?" కొంగుతో కళ్లొత్తుకుంది. "నేను సూడలేక ఈడనే ఉండిపోయినా."

బీనా ఆమె దగ్గరికి పోయింది. "తప్పు మాదేనమ్మా. నిప్పు పెట్టినాయన్ని కూడా వెతుకుతాండాము. ఎవరో కనుక్కోని మీ ముందరికి తెస్తాము."

బయ్యమ్మ చీపురు పట్టుకునే విచిత్రంగా చూసింది.

"కనుక్కునేదేముందమ్మా, మా సేనికి మా ఇంటాయనే పెట్టుకొన్న్యాడు. మీ అడివి లేసినంకే మా బాయిలో నీళ్లు నిలస్తాండాయి, అది కాలిపోతే ఊరికంతా గతి లేదని నేను వద్దంటాంటే ఇనకుండా ఉరికినాడు."